పెద్ద నగరంలో జేబు ఖాళీ కాకుండా నలుగురిలో కలవడం ఎలా?

"నగరానికి వచ్చి ఏడాదైంది. ఉద్యోగం ఉంది, గది ఉంది, మాట్లాడటానికి మాత్రం ఎవరూ లేరు. బయట అడుగుపెడితే ఖర్చు. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్న నాకు ఎన్ని రూపాల్లో వచ్చిందో లెక్కలేదు. అడిగేవాళ్లలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు, కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉండటానికి వచ్చిన పెద్దలున్నారు, పదేళ్లుగా ఒకే మేడలో ఉంటూ పక్క వాటా వారి పేరు తెలియనివాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసి అలసిపోయాను. అందుకని అంతా ఒకేచోట పెడుతున్నాను.

ముందే చెబుతున్నాను, ఇది పన్నెండు వారాల పని. ఈ శనివారం వెళ్లి వచ్చే శనివారానికల్లా స్నేహితులను సంపాదించే ఉపాయం నా దగ్గర లేదు.

కావలసినవి

- వారంలో ఒకే రోజున, ఒకే వేళకు రెండు గంటల తీరిక. మంగళవారం సాయంత్రమో ఆదివారం పొద్దునో, ఏదైనా సరే. ఒకసారి పెట్టుకున్నాక మార్చకూడదు.
- ఇంటి నుంచి అరగంటలో చేరగల ప్రాంతం ఎంతవరకో తెలిపే అంచనా.
- నెలకు ఇంతకు మించి ఖర్చు పెట్టనన్న ఒక అంకె.
- జేబులో పట్టే నోటు పుస్తకం, పెన్ను.
- మీరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో తెలిసిన మనిషి ఒకరు. వేరే ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు, ఫోను ఎత్తితే చాలు.

కొత్త బట్టలు, ఖరీదైన బూట్లు, ఏడాది సభ్యత్వాలు ఏవీ అక్కర్లేదు. మొదటి నెలలో ఏదైనా కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ చోటు మీకు పనికిరాదు.

1. ముందు ఖర్చుకు గీత గీయండి

కిందటిసారి సరదాగా బయటికి వెళ్లినప్పుడు ఎంత అయిందో గుర్తు చేసుకోండి. ఆ ఒక్కపూట ఖర్చునే ఇప్పుడు నెల మొత్తానికి సరిపెట్టాలి. కష్టమేమీ కాదు, ఎందుకంటే కింద చెప్పేవాటిలో చాలావరకు ప్రవేశం ఉచితం. డబ్బు జారిపోయేది వేరే రెండు చోట్ల. ఒకటి ప్రయాణం. ఉచిత కార్యక్రమానికి నగరం ఆ చివరికి టాక్సీలో వెళ్తే అది ఉచితం ఎలా అవుతుంది? అరగంట హద్దు పెట్టుకోమన్నది అందుకే. నడిచో, సైకిలు మీదో, ఇప్పటికే మీ దగ్గరున్న బస్సు పాసుతోనో వెళ్లగలిగినదే ఎంచుకోండి. రెండోది, కార్యక్రమం అయ్యాక "అందరం ఎక్కడైనా కూర్చుందాం పదండి" అనే పిలుపు. అక్కడ బిల్లు సమానంగా పంచుతారు, మీరు ఏమీ తీసుకోకపోయినా.

ఆ పిలుపుకు ఒక జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "అరగంట కూర్చుంటాను, నాది నేను విడిగా ఇచ్చేస్తాను" అని మొదట్లోనే నవ్వుతూ చెప్పేయండి. బిల్లు వచ్చాక చెబితే ఇబ్బంది, ముందే చెబితే ఎవరూ పట్టించుకోరు. ఆ మాట అనడానికి నోరు రాకపోతే, "అటువైపే నడుస్తున్నాను, ఎవరైనా వస్తారా?" అనండి. జేబు గురించి ఆలోచిస్తున్నది మీరొక్కరే కాదని అప్పుడు తెలుస్తుంది.

2. జాబితా రాయండి

ఫోనులో వెతకడానికి ముందు కాళ్లకు పని చెప్పండి. గ్రంథాలయం నోటీసు బోర్డు, పార్కు గేటు, సామాజిక భవనం గోడ, విశ్వవిద్యాలయం ఆవరణ చూసి రండి. ఎప్పటినుంచో నడుస్తున్న బృందాలు చాలావరకు ఇప్పటికీ ఒక కాగితం అంటించి ఊరుకుంటాయి. తర్వాత ఫోనులో చూడండి. ఒకే ఇష్టం ఉన్నవారిని కలిపే మీటప్‌లాంటి ఆన్‌లైన్ వేదికల్లో మీ ప్రాంతం పేరుతో, మీకు నచ్చే పని పేరుతో వెతకండి. పది పేర్లు రాసుకున్నాక ఆపేయండి, వెతుకుతూ కూర్చోవడం కూడా వెళ్లకుండా ఉండటానికి ఒక సాకే.

ఏమేమి ఉంటాయో ఊహకు అందడానికి కొన్ని చెబుతాను.

నడక, పరుగు బృందాలు అన్నిటికంటే తేలిక. పార్క్‌రన్ అనే ఉచిత కార్యక్రమం 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది పరుగుతో మొదలైంది, ఇప్పుడు 20కి పైగా దేశాల్లో జరుగుతోంది. వారానికోసారి, ఎక్కువగా శనివారం పొద్దున, 5 కిలోమీటర్లు. నడిచినా తప్పులేదు. అందరికంటే వెనుక నడవడానికి ఒక వాలంటీరును పెడతారు కాబట్టి మీరు ఎంత నిదానంగా వెళ్లినా చివరివారు కారు. పరుగు పెట్టకుండా సమయం రాసే పనికి కుదిరినా సరే. మీ నగరంలో ఇది లేకపోతే ఏ పార్కులోనైనా వరుసగా రెండు రోజులు ఒకే వేళకు వెళ్లి చూడండి. కలిసి నడిచే గుంపు ఒకటైనా కనిపిస్తుంది.

మాటకారి కానివారికి నిశ్శబ్ద పఠన బృందాలు నా మొదటి సలహా. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సైలెంట్ బుక్ క్లబ్ పద్ధతి ఇది: ఎవరి పుస్తకం వారు తెచ్చుకుంటారు, కలిసి కూర్చుని గంటసేపు మౌనంగా చదువుతారు, తర్వాత మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు. అందరూ ఒకే పుస్తకం కొనాల్సిన పనిలేదు, చదవలేదని తలదించుకోవాల్సిన పనీ లేదు. మీ దగ్గర లేకపోతే గ్రంథాలయంలో అడిగి ఇద్దరితోనైనా మొదలుపెట్టవచ్చు.

చేతిపని వచ్చినవారు మరమ్మతు శిబిరాలను చూడండి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా మొదలుపెట్టిన రిపేర్ కేఫ్ ఎన్నో దేశాలకు పాకింది. పాడైన ఫ్యానో, చిరిగిన సంచో తీసుకెళ్తే, తెలిసినవాళ్లు పక్కన కూర్చుని డబ్బు తీసుకోకుండా బాగుచేయడం చూపిస్తారు. స్క్రూ విప్పుతున్నప్పుడు పక్కవారితో మాట కలపడం ఎంత సులభమో అనుభవిస్తే గానీ తెలియదు.

పక్షులు, మొక్కలు ఇష్టమైతే, కనిపించిన జీవులను ఫొటో తీసి నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్ వాడేవారి స్థానిక నడకల గురించి చూడండి. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల మధ్య, ఎవరు ఎక్కువ జీవులను నమోదు చేస్తారో అన్న పందెంగా మొదలైన సిటీ నేచర్ ఛాలెంజ్‌లో ఇప్పుడు ఎన్నో దేశాల నగరాలు పాల్గొంటున్నాయి. పటాలు ఇష్టమైతే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటాన్ని తయారుచేసే బృందాలున్నాయి, వీధి వీధి తిరిగి చూసినవి పటంలో నింపుతారు. నలుగురిలో మాట్లాడటం నేర్చుకోవాలంటే 1924లో కాలిఫోర్నియాలో పుట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులున్నాయి. సభ్యత్వానికి రుసుము ఉంటుంది, అతిథిగా వెళ్లి చూడటానికి సాధారణంగా ఏమీ తీసుకోరు. తొందరపడి చేరకండి, రెండు మూడు క్లబ్బులు చూశాకే నిర్ణయించుకోండి.

నాటకాలు, సంగీతోత్సవాలు ఖరీదు. కానీ చాలా చోట్ల జనాన్ని సీట్ల దగ్గరికి చేర్చడానికి, టికెట్లు చూడటానికి వాలంటీర్లను తీసుకుంటారు. పని చేసినందుకు ప్రదర్శన ఉచితంగా చూడవచ్చు.

3. జాబితాను జల్లెడ పట్టండి

ప్రతి పేరు పక్కన మూడు జవాబులు రాయండి.

ఒకటి, ఎన్నాళ్లకోసారి జరుగుతుంది? అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అధ్యయనంలో, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, గట్టి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా పడుతుందని తేలింది. ఇక లెక్క మీరే వేయండి. వారానికి రెండు గంటలైతే ఆ 50 గంటలు 25 వారాల్లో పూర్తవుతాయి. నెలకోసారి కలిసే బృందమైతే 25 నెలలు! అందువల్ల నెలకోసారి జరిగేదాన్ని, అది ఎంత గొప్పదైనా, మొదటి ఎంపికగా పెట్టుకోకండి. ఏడాదికోసారి వచ్చే ఉత్సవాలు చూసి రావడానికి బాగుంటాయి, అంతవరకే.

రెండు, కుర్చీలు ఎటు తిరిగి ఉంటాయి? అన్నీ వేదిక వైపు ఉంటే అక్కడ మీరు ప్రేక్షకులు. ఒంటరిగా వెళ్లి ఒంటరిగానే తిరిగి వస్తారు. ఉచిత కచేరీలు, ఉపన్యాసాలు, మ్యూజియంల ఉచిత దినాలు ఈ కోవలోవే. వెళ్లండి, ఆనందించండి, కానీ మనుషులు పరిచయం కాలేదని బాధపడకండి. ఒకరికొకరు ఎదురుగా కూర్చునేవి, పక్కపక్కన నడిచేవి, చేతులతో పని చేసేవి మీకు కావాలి.

మూడు, వచ్చేవాళ్లు ప్రతిసారీ వాళ్లేనా? నిర్వాహకులకు ఒక సందేశం పెట్టి అడిగేయండి: "సాధారణంగా ఎంతమంది వస్తారు? పాతవాళ్లు ఎంతమంది ఉంటారు?" ఆరుగురు నుంచి ఇరవై మంది, అందులో సగానికి పైగా పాతవాళ్లు అంటే సరిగ్గా సరిపోతుంది. వంద మంది వచ్చే "పరిచయ సాయంత్రం" అంటే ఒకే వాక్యాన్ని నలభైసార్లు చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికి రావడమే.

మూడింటికీ మంచి జవాబు వచ్చినవాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. ఇంకొకదాన్ని అవసరానికి పక్కన పెట్టుకోండి.

*జాగ్రత్త:* "ఉచిత సమావేశం, జీవితం మారిపోతుంది" అని పిలిచి, లోపల కూర్చోబెట్టాక పెట్టుబడి పథకమో గొలుసుకట్టు వ్యాపారమో వినిపించే చోట్లు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నాయి. ఏం జరుగుతుందో సూటిగా చెప్పని ఆహ్వానం, మీ ఆదాయం గురించి అడిగే దరఖాస్తు, "ఇంకొకరిని తీసుకురండి" అనే షరతు కనిపిస్తే వెళ్లకండి. వెళ్లాక తెలిస్తే మర్యాద కోసం చివరిదాకా కూర్చోకండి, లేచి వచ్చేయండి.

4. మొదటి రోజు పావుగంట ముందు చేరండి

ఈ ఒక్క అంచె దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. నేనూ వేశాను.

నేను మొదట చేరింది ఒక గ్రంథాలయంలో జరిగే పఠన బృందంలో. మూడు వారాలు సరిగ్గా సమయానికి వెళ్లి, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, అయిపోగానే మెట్లు దిగి వచ్చేశాను. ఎవరూ పలకరించలేదని కోపం కూడా వచ్చింది. నాలుగో వారం బస్సు తొందరగా దొరికి పావుగంట ముందే చేరాను. గదిలో ఒక పెద్దాయన ఒక్కరే ఇనుప కుర్చీలను గోడ దగ్గరి నుంచి లాగి గుండ్రంగా వేస్తున్నారు. నన్ను చూసి, "ఆ మూలవి కాస్త అందుకుంటారా? ఒకదాని కాలు వదులైంది, దాన్ని మాత్రం అక్కడే ఉండనివ్వండి" అన్నారు. పన్నెండు కుర్చీలు వేసేసరికి ఆయన ఏ పని చేసి రిటైరయ్యారో, ఆ వారం పుస్తకాన్ని ఏ పేజీలో వదిలేశారో నాకు తెలిసింది. జనం వస్తుంటే ఆయనే నన్ను చూపించి పేరు చెప్పడం మొదలుపెట్టారు. మూడు వారాల్లో జరగనిది పది నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు నుంచి వదులు కుర్చీని ఎవరూ తీయకుండా చూడటం నా పనైంది.

అందుకని ముందు వెళ్లండి. ముందు వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటారు, వాళ్లే బృందాన్ని నడిపేవాళ్లు కూడా. "కొత్తగా వచ్చాను, ఏమైనా సర్దాలా?" అని అడిగితే చాలు. అంతకు మించిన పరిచయ వాక్యం అక్కర్లేదు.

బయటికి రాగానే నోటు పుస్తకంలో పేర్లు రాసుకోండి, ఒక్కో పేరు పక్కన ఒక్క గుర్తు: "ఎర్ర సైకిలు", "చెల్లెలి పెళ్లి వచ్చే నెల". వచ్చే వారం "పెళ్లి పనులు ఎంతవరకు వచ్చాయి?" అని అడిగితే అవతలివారి ముఖం ఎలా వెలుగుతుందో చూడండి.

*ప్రత్యామ్నాయం:* గదిలోకి వెళ్లాలంటే గుండె దడదడలాడితే, మొదటి వారం నిర్వాహకులతో ఫోనులో మాట్లాడి, రెండో వారం అరగంట మాత్రమే ఉండి వస్తానని చెప్పండి. ముందే చెప్పి మధ్యలో లేవడం అమర్యాద కాదు.

5. నచ్చినా నచ్చకపోయినా నాలుగుసార్లు వెళ్లండి

మొదటిసారి ఎవరికీ బాగుండదు. వాళ్ల హాస్యం అర్థం కాదు, వాళ్లు చెప్పుకునే పాత సంగతులు తెలియవు. రెండోసారి ఇంకాస్త చిరాకు. మూడోసారి ఎవరో ఒకరు పేరు పెట్టి పిలుస్తారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కొందరు యువతులు ఒక తరగతికి వేర్వేరు లెక్కన, ఎక్కువంటే పదిహేనుసార్లు వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వచ్చారు. చివర్లో అడిగితే, ఎక్కువసార్లు కనిపించినవారే విద్యార్థులకు ఎక్కువ నచ్చారు. కాబట్టి మీ మాటల గురించి అంతగా కంగారుపడకండి, కనిపిస్తూ ఉండండి.

నాలుగుసార్ల నియమానికి మినహాయింపు ఒకటే. మిమ్మల్ని కించపరిచినా, భయపెట్టినా, డబ్బు అడిగినా ఆ క్షణమే మానేయండి.

6. ఒక చిన్న పని మీ పేరిట రాయించుకోండి

నాలుగో వారం తర్వాత నిర్వాహకులను అడగండి. హాజరు రాయడం, తలుపు తాళం తీయడం, ఫొటోలు పంపడం, కొత్తవారిని పలకరించడం, వీటిలో ఏదైనా సరే. పని ఉన్నవారికి ఎక్కడ నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అనే బాధ ఉండదు. రుసుము ఉన్న చోట పని చేసేవారికి తగ్గించే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది, మొహమాటపడకుండా అడగండి.

ఒక్క పనే తీసుకోండి. మూడు పనులు నెత్తిన వేసుకుని రెండో నెలలో కనిపించకుండా పోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు మళ్లీ వెళ్లడానికి సిగ్గుపడతారు, పాపం.

సేవాసంస్థల్లో చేరాలనుకుంటే రెండు విషయాలు చూడండి. సేవ చేయడానికి మీ దగ్గరే డబ్బు అడిగే సంస్థను నమ్మకండి. పిల్లలతో, వృద్ధులతో పని అయితే మీ గురించి వాకబు చేసి, గుర్తింపు చూసి గానీ తీసుకోకూడదు. అలాంటి విచారణ లేకుండా మొదటి రోజే పిల్లలను అప్పగించే చోటు సరైనది కాదు.

7. ఊరి పనిలో వేలు పెట్టండి

దీనికి ఖర్చు ఉండదు, అయినా ఎవరూ ఆలోచించరు. నివాసుల సంఘం, పార్కును చూసుకునే బృందం, నగరపాలక సంస్థ జరిపే బహిరంగ విచారణలు: చాలావరకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. కొన్ని నగరాల్లో బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఎలా ఖర్చుపెట్టాలో నివాసులే తేల్చే పద్ధతి ఉంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989లో మొదలై ఎన్నో దేశాలకు వెళ్లిందది. మీ దగ్గర ఉందేమో కనుక్కోండి.

మొదటి మూడు సమావేశాల్లో వినండి, అంతే. ప్రతి సంఘంలోనూ నీళ్ల గురించో, వాహనాలు నిలిపే స్థలం గురించో ఏళ్లనాటి తగాదా ఒకటి ఉంటుంది. తెలియకుండా ఒక పక్షం మాట మాట్లాడారంటే రెండో పక్షం మిమ్మల్ని ఏడాదిపాటు చూడదు.

8. ఒకరిని బయట కలవండి

ఆరేడు వారాలయ్యాక, మాట కుదిరిన ఒకరిని బృందం వేళ కాని వేళలో కలవండి. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే ఆ ఎప్పుడైనా రాదు. "ఆదివారం ఎనిమిదింటికి చెరువు చుట్టూ నడుస్తాను, వస్తారా?" అనండి. రోజు, వేళ, చోటు మూడూ ఉండాలి. కుదరదని చెప్పి, వేరే రోజేదీ సూచించకపోతే మూడు వారాలు ఆగి ఇంకొక్కసారి అడగండి. రెండోసారీ అదే జవాబైతే వదిలేసి, బృందంలో మునుపటిలాగే మాట్లాడండి.

మొదటిసారి జనం తిరిగే చోటే కలవండి, పగటిపూట అయితే మంచిది. ఇంటి చిరునామా ఇప్పుడే అక్కర్లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

వారానికో కొత్త బృందం రుచి చూడటం అన్నిటికంటే పెద్దది. తిరిగినట్టు ఉంటుంది, ఎవరికీ మీరు గుర్తుండరు. ఆ తర్వాతది వాట్సాప్ గ్రూపులో చేరడాన్నే చేరడం అనుకోవడం. ఇక సొంత ఊరివాళ్ల సంఘానికే అతుక్కుపోవడం గురించి రెండు రకాలుగా చెప్పాలి. నగరంలో అడుగుపెట్టిన కొత్తలో అదే ఆసరా, ఏడాది తర్వాత కూడా అదొక్కటే అయితే నగరం మీకు పరిచయం కానట్టే. ఆఫీసువాళ్లు ఉన్నారుగా అంటారు కొందరు. ఉద్యోగం మారిన నెలకు వాళ్లలో ఎంతమంది ఫోను చేశారో పాత సహోద్యోగులను తలచుకుని లెక్కపెట్టండి.

అవసరాలతో మొదలుపెట్టడం ఇంకో తప్పు. రెండో వారానికే ఉద్యోగం చూడమని, గది వెతికిపెట్టమని అడిగితే మనుషులు వెనక్కి తగ్గుతారు. అడగవద్దని అనడం లేదు, రెండు నెలలు ఆగమంటున్నాను.

ఫలితం ఎలా తెలుస్తుంది?

పన్నెండో వారం చివర నోటు పుస్తకం తెరవండి. చూడకుండా ఎన్ని పేర్లు చెప్పగలరు? ఎనిమిది వస్తే బాగా జరుగుతోంది. వారిలో ఒకరితోనైనా బృందం బయట గంట గడిపారా? నెల ఖర్చు గీత దాటిందా? దాటితే ఎక్కడ, ప్రయాణంలోనా, తర్వాతి బిల్లులోనా?

అసలు పరీక్ష ఒకటుంది, అది మీరు పెట్టుకునేది కాదు, దానంతట అదే వస్తుంది. జ్వరం వచ్చి ఒక వారం వెళ్లలేరు. ఆ రాత్రికి ఎవరైనా అడుగుతారా? నాకు అలా వచ్చిన మొదటి సందేశంలో క్షేమ సమాచారం లేదు. "ఈ రోజు వదులు కుర్చీలో ఎవరో కూర్చున్నారు. దెబ్బ తగల్లేదు. వచ్చే వారం వస్తున్నారా?" అని ఉంది.

ఎవరూ అడగకపోతే ముందు ఆరో అంచెకు వెళ్లి చూడండి: మీ పేరిట పని ఏదైనా ఉందా? లేకపోతే తీసుకుని ఇంకో నాలుగు వారాలు వెళ్లండి. పని ఉండి కూడా అడగలేదంటే ఆ బృందం వదిలేసి, పక్కన పెట్టుకున్న రెండో పేరు దగ్గరికి వెళ్లండి. రోజు, వేళ మాత్రం అవే ఉంచుకోండి, ఆ రెండు గంటలు ఇప్పటికే మీ వారంలో కుదురుకున్నాయి కాబట్టి.